తరంగము దాటిన పిమ్మట

గ్రీష్మమధ్యాహ్నము. చండకిరణుని ప్రచండాతపమునకు శిలలు సెగలు గ్రక్క విహంగములు గొంతులెండి కొమ్మలమాటున నక్క వడగాడ్పు సోకి కొండపై నెండుగడ్డి చిటపటలాడుచుండెను. ఆ కొండకొమ్మున దెల్లని గుమ్మటములతో నొప్పు సౌరపరిశీలనశాలలో వకుళాదేవి యను విదుషి యంత్రపు దెరపై నిలిపిన చూపు మరల్పక కూర్చుండి యుండెను.

ఆమె పదునొకండేండ్లుగా నొక్క విషయమునే యుపాసించినది. సూర్యునినుండి యెల్లప్పుడు వెడలివచ్చు విద్యుత్కణమయమైన ప్లాస్మాప్రవాహమునకు సౌరపవనమని పేరు. ఒక్కొక్కతఱి సూర్యునిపై బ్రేలుడు పుట్టి మహావేగమున నెగసివచ్చు ప్లాస్మారాశి ముందుపోవు మందపవనమును దరిమికొట్టగా గ్రహముల నడిమి శూన్యసీమలో నాఘాతతరంగ మేర్పడును. తక్కినవారెల్ల నా తరంగమునకు వెఱతురు. వకుళ దాని వెనుకటి గాలికి వెఱచుచుండెను. అది నలిగి వేడెక్కి సుడులు తిరుగుచు దనలోని యయస్కాంతక్షేత్రమును దిక్కులన్నిటికి ద్రిప్పుచు గంటలకొలది శాంతింపదని మున్నూఱు తరంగములను బరీక్షించి తెలిసికొన్నది.

ఆనాటి యుదయమున నట్టి తరంగ మొకటి భూమిని దాటెను. శాలాధిపతియు వకుళకు విద్య గఱపిన గురువు నైన త్ర్యంబకరావు ముందుజాగ్రత్తగా నూతనోపగ్రహమందలి యుపకరణముల నాపించి యుండెను. మధ్యాహ్నమున దెరమీద నయస్కాంతక్షేత్రపు తీరును జూపు రేఖలు చదునుకాగానే యాతడు లోనికి వచ్చెను.

"వకుళమ్మా! ముప్పు గడచినది. ఉపకరణములను నడపింపుము."

"వలదండి. గడచినది తరంగము మాత్రమే. దాని వెనుకటి ప్లాస్మా యింకను మనమీదుగా బోవుచున్నది. దాని క్షేత్రము దక్షిణమునకు దిరిగెనా భూమికి గల యయస్కాంతకవచము తెఱచుకొని యుపగ్రహముపై విద్యుత్తు పేరుకొని సర్వము కాలిపోవును. రేపు తెల్లవాఱువఱకు నోపిక పట్టుడు."

"మంత్రిగారు నాలుగుగంటలకు వచ్చుచున్నారు. ఉపగ్రహము తీయు తొలిచిత్రము చూపెదనని మాట యిచ్చితిని. రేఖ చదునుగా నున్నను నీకీ పిఱికితన మేల?"

"అది చదును గాదండి. సుడికిని సుడికిని నడిమి సందు."

ఆతడు నవ్వెను. ఆమె తన యభ్యంతరమును గాగితముపై వ్రాసి చేతికీయగా మడచి జేబులో నుంచుకొని "ఇక గానిమ్ము" అనెను. గురువునకు నెన్నడు నెదురాడి యెఱుగని యామె మీట నొక్కెను.

నాలుగుగంటలకు మంత్రి చిత్రము జూచి చప్పట్లు చఱచెను. పిదప నిరువది నిమిషములకు క్షేత్రము దక్షిణమునకు మఱలెను. చిత్రము చెదరెను. రెండువందలమంది యెనిమిదేండ్ల చెమట యగు నుపగ్రహము మూగవోయెను.

విచారణసంఘము వకుళను బిలిచి "మీట నొక్కిన చేయి యెవరిది?" అని యడిగెను.

"నాదే. వలదని వ్రాసి యిచ్చితిని."

"అట్టి కాగితము నే నెఱుగను" అని త్ర్యంబకరావు శాంతముగా బలికెను. గురువున కిచ్చు కాగితమునకు నకలు దాచుకొనవలెనన్న తలంపే యామెకు గలుగలేదు. తప్పిదము వకుళదని తీర్మానించి యామెను గ్రంథాలయమునకు మార్చిరి.

మఱుసటి వర్షాకాలమున నాఘాతతరంగముల వెనుకటి ప్లాస్మాతీరును గూర్చి త్ర్యంబకరావు రచించిన మహాగ్రంథము బహుమతి గాంచి యా గ్రంథాలయమునకే వచ్చెను. వకుళ పుటలు త్రిప్పెను. తాను గీచిన రేఖలు. తాను కట్టిన పట్టికలు. నూటపదునేడవ తరంగమునకు దొలుత దాను పొరపాటున వేసి పిదప దిద్దుకొన్న తేదీ యచ్చట దిద్దక యట్లే యుండెను. చోరుడు తప్పును సైతము మోసికొనిపోయెను.

ఆమె పెన్సిలు దీసి యా తేదీని దిద్ది పుస్తకమును బీరువాలో నుంచెను. అన్యులు హరించిన విద్యయందైనను దప్పు దిద్దవచ్చును గాని తెలిసి తెలిసి తలవంచిన యొక్క క్షణమును దిద్దు పెన్సిలు లోకమున లేదు.