ఓనరు గారి కళ్ళద్దాలు

ఇలా రావే చిన్నదానా, ఆ టీవీ నోరు నొక్కేసి నా పక్కన కూర్చో. ఆ మామగారి వేషం కనబడగానే మెటికలు విరుస్తున్నావు కదా, ఆయన ఒకప్పుడు మేం అద్దెకున్న మేడలోనే కింది వాటాలో ఉండేవాడు.

అప్పటి సీరియల్లోనూ మామగారే. కోడల్ని ఎండలో నిలబెట్టేవాడు. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తుంటే తాపీగా కళ్ళద్దాలు తీసి, నోటి ఆవిరి ఊది, చొక్కా అంచుతో తుడిచి, వెలుగుకు పట్టి చూసుకుని, "అయిందా అమ్మా ఏడవడం?" అనేవాడు. అరుపు లేదు, కన్నెర్ర లేదు. చూసేవాళ్ళకి ఒళ్ళు మండిపోయేది. అదీ నటనంటే! అందులో హీరో ఒకడుండేవాడు, పెళ్ళాం పోయినా కాఫీ చల్లారినా ఒకటే మొహం. వాడికి దండలు, ఈయనకి శాపనార్థాలు.

మా మేడ జనం తెలివి ఏమని చెప్పను! ఇస్త్రీ చేసే ఆవిడ ఆయన తెల్లచొక్కా కాలరు కావాలనే మాడ్చింది. అదేమిటే అంటే, "ఆ పిల్లని ఎండలో మాడ్చలేదూ?" అంది. పక్క వాటా పంతులమ్మ తన పిల్లల్ని ఆయన గుమ్మం ముందు నిలబడనిచ్చేది కాదు. అంత చదువూ ఏ గంగలో కలిసిందో! ఆయన మాత్రం మాడిన కాలరు చూసుకుని, "బామ్మగారూ, నిన్నటి సీను పండినట్టే!" అని మురిసిపోయాడు.

ఆయన భార్యకి మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కలేదు. కింది వాటా దొరకడమే కష్టం. దొరికినా ఆ మొహం చూసి తలుపులేసేవాళ్ళు. అలాంటిది, మా ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు. అద్దెవాళ్ళందరినీ వరండాలో పోగేసి, "ఇలాంటి దుర్మార్గుడుంటే ఇంటికే అరిష్టం. రోజూ చూస్తున్నాం కదా ఇతగాడి నిర్వాకం" అన్నాడు. చూసింది టీవీలో సుమా!

"అన్నయ్యగారూ, ఈ కాళ్ళతో ఎక్కడికి పోను?" అని ఆవిడ గోడ పట్టుకుని బావురుమంది.

ఓనరు తాపీగా కళ్ళద్దాలు తీశాడు. ఆవిరి ఊదాడు. చొక్కా అంచుతో తుడిచాడు. వెలుగుకు పట్టి చూసుకున్నాడు.

"అయిందా అమ్మా ఏడవడం?"

"ఓరి నాయనో! అచ్చం సీరియల్లో మామే!" అంది ఇస్త్రీ ఆవిడ.

ముందు పంతులమ్మ నవ్వింది, తర్వాత వరండా అంతా.

"ఏంటా నవ్వులు?" అన్నాడు ఓనరు.

"నువ్వు రోజూ తిట్టేది నిన్నే నాయనా" అన్నాను. "కప్పు కారుతోందని నేను మొరపెట్టుకుంటే ఇలాగే తుడిచావు. వాటా చూసుకుందామని వచ్చి ఈయన ఆ పూట నా పక్కనే నిలబడ్డాడు."

మామగారి వేషం కట్టే ఆయన తల వంచుకున్నాడు. "క్షమించండి. అంత బాగా చేసేవాళ్ళు నాకు ఇంకెక్కడా దొరకలేదు."

ఓనరు కళ్ళద్దాలు పెట్టుకుంటే జనం మొహాలు కనబడతాయి, పెట్టుకోకపోతే మెట్లు కనబడవు. గోడ తడుముకుంటూ పైకి పోయాడు. ఖాళీ మాట మళ్ళీ ఎత్తితే అందరి ముందూ మళ్ళీ ఆ వేషం కట్టాలి కదా, ఎత్తలేదు. నా కప్పు మాత్రం బాగుచేయించలేదు, పీనాసి! ఇస్త్రీ ఆవిడకీ బుద్ధి రాలేదు. చొక్కాలు ఇస్తూ, "ఆ పిల్లని కాస్త నీడలో నిలబెట్టండి బాబూ" అనేది.

నీలాగా మెటికలు విరిచేవాళ్ళు కనబడితే ఈ సంగతి గుర్తుపెట్టుకుని చెప్పవే. కళ్ళద్దాల దగ్గర తొందరపడకు. ఆయనలాగే తాపీగా తుడిచి మరీ చెప్పు.