ఇరవై ఆరు గిన్నెల నీళ్లు

నూట నాలుగు మెట్లనే చెప్పాను, ఆయన నూట నలభై అని రాసుకున్నారు, సభలో వినడానికి బాగుంటుందట. మినప్పప్పు రుబ్బుతున్న చెయ్యి ఆగితే అత్తగారు దగ్గుతారు. నా జవాబు ఆగితే వసారాలోంచి మావారు సోమేశ్వరరావుగారు దగ్గుతారు. ఈ రెండు దగ్గుల నడుమ నా రంగూను కరిగిపోతోంది.

రేపు సాయంత్రం బందరు పఠనమందిరంలో ఆయన ఉపన్యాసం, "నేను చూసిన దేశాలు". కలప కంపెనీ గుమాస్తాగా రంగూనులో మూడేళ్లు, కొలంబోలో ఒక ఏడాది ఉన్నారు. నిజమే, ఉన్నారు. కానీ రంగూనులో బుద్ధుడి గుడి, ఆ బంగారు పగోడా దగ్గర బూట్లు విప్పమంటే, "దొరల కంపెనీలో పనిచేసేవాణ్ణి, వట్టికాళ్లతో నడవనా" అని కింద టీ కొట్టులో కూర్చున్నారు. మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు, మా టిన్ అనే బర్మా ఆవిడ వెంట నేనే పైకి వెళ్లాను. కాండీలో బుద్ధుడి దంతం ఊరేగింపునాడు ఆయన జ్వరంతో పడుకుంటే, నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కిటికీలోంచి చూసిందీ నేనే.

"ఏమే, ఏనుగుకి ఏ రంగు గుడ్డ కప్పారూ?"

"ఎర్రదండీ. అంచుకి అద్దాలు."

"ఆడాళ్లకి గుడ్డా అంచూ తప్ప ఇంకేం కనబడతాయిలే," అని నవ్వుతూనే రాసుకున్నారు.

"వాడు అంత దూరం తీసుకెళ్లబట్టి కదా, ఆ మాత్రమైనా చూశావు," అన్నారు అత్తగారు. "పప్పు గట్టిగా ఉంది, నీళ్లు చల్లు."

ఆయన చదివి వినిపించారు: "పాదరక్షలు విడిచి, భక్తితో నూట నలభై సోపానములు అధిరోహించితిని." వింటూ కళ్లు మూసుకుంటే మెట్ల మీద నా కాళ్లకు బదులు ఆయన కాళ్లే కనబడ్డాయి. అరికాలికి పాలరాతి వేడి తెలియలేదు. చెప్పిందల్లా నాది కాకుండా పోతోంది. అసలు నేను వెళ్లానా అని నాకే అనుమానం.

ఒక్కటి మాత్రం ఇంకా చెప్పలేదు. పగోడా పైన, పుట్టిన వారాన్ని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో మూల, ఒక్కో జంతువు. గురువారం పుట్టిన నాది ఎలుక మూల. అక్కడి చిన్న బుద్ధుడి మీద, ఎన్నేళ్లుంటే అన్ని గిన్నెల నీళ్లు, పైన ఒకటి ఎక్కువ పోయాలని చెప్పి, మా టిన్ నా చేతికి గిన్నె ఇచ్చింది. నాకప్పుడు పాతికేళ్లు. ఇరవై ఆరు గిన్నెలు పోశాను. ఇరవై ఆరు గిన్నెల సేపు నన్నెవరూ పిలవలేదు. పెళ్లయ్యాక అంతసేపు ఎవరూ పిలవకుండా ఉండటం అదొక్కసారే.

"ముగింపు చప్పగా ఉందే. గుడివాడ నుంచి అనంతపద్మనాభంగారు అధ్యక్షత వహించడానికి వస్తున్నారు. నువ్వు పైనుంచి కొంగు తడిసి దిగావు, నాకు బాగా గుర్తు. ఏం చేశావక్కడ?"

అలవాటుగా నోరు తెరిచాను. చెయ్యి ఆగింది. అత్తగారు దగ్గారు. ఆయనా దగ్గారు.

"చెమటండీ," అని, పొత్రం తిప్పాను.