టాపు లేని కారు

వరద నీళ్లు ఇంట్లోకి వచ్చిన రోజున కృపావతి కుట్టుమిషను పోయింది. కారు దక్కింది.

అది ఎనభై ఆరు ఆగస్టు. ఆమె భర్త జోజి కాలువల ఆఫీసులో గుమస్తా. ఎగువన ఏటిగట్టు ఇక ఆగేలా లేదన్న కబురు అతనికి ఊళ్లో అందరికంటే ముందు తెలిసింది. సైకిలు తొక్కుకుంటూ, ఒగర్చుకుంటూ వచ్చాడు. వచ్చినవాడు ఇంట్లోకి రాలేదు. తిన్నగా పెరట్లో ఉన్న కారు షెడ్డులోకి వెళ్లి, "కృపా, తాళ్లు తే! మోకులు కూడా తే! బాబూరావుని కేకెయ్యి!" అని అరిచాడు. బాబూరావు అతని తమ్ముడు. ఇరుగుపొరుగు మగవాళ్లు కూడా చేరారు. ఇంజను అప్పటికి విప్పి ఉంది, కారు కదలాలంటే మనుషులే కదపాలి. ముందు కొబ్బరి మోకులు కట్టి వాళ్లు లాగుతుంటే, వెనక నుంచి నెట్టడానికి మనిషి చాలక కృపావతి చీర ఎగదోపుకుని బురదలోకి దిగింది.

దిగేముందు మిషనుని చెక్కమూతతో సహా ఎత్తి మంచం మీద పెట్టింది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరైనా చేసే పని అదే. ఏటా వరద వస్తుంది, గడప తడుపుతుంది, మరీ పెద్దదైతే మంచం కోళ్లు తడుపుతుంది, పోతుంది. మంచమెక్కిన వస్తువుకి భయం లేదని చిన్నప్పటినుంచీ చూసిందే, నమ్మిందే. ఆ ఏడు వరద అలాంటిది కాదు. కారు కాలువ గట్టు మీదికి ఎక్కి, చక్రాల కింద ఇటుకలు పడి, జోజి దానిమీద టార్పాలిను కప్పి నాలుగు మూలలా కట్టేసరికి ఇంట్లో నీళ్లు నడుముదాకా వచ్చాయి. అత్తగారు సలోమిని బాబూరావు భుజాన వేసుకుని తెచ్చాడు. చీకటిపడక ముందే వెనకవైపు మట్టిగోడ కూలింది. మంచమూ మిషనూ ఆ దారినే పోయాయి.

అది చేతి మిషను. కృపావతి టీచరు ట్రెయినింగుకి వెళ్లే రోజుల్లో వాళ్లమ్మ కొనిచ్చింది. వాళ్లమ్మకి కుట్టు రాదు. కాలువలో నానిన కొబ్బరి డొక్కల్ని కొట్టి పీచు తియ్యడం, ఆ పీచుతో తాడు పేనడం, అదే ఆవిడ జీవితం. తన మొరటు చేతులకి పోగులు లేస్తాయని మంచి గుడ్డ ముట్టుకునేది కాదు. కూతురు గుడ్డ నడుపుతుంటే పక్కన పీట వేసుకుని మిషను పిడి తిప్పేది. "ఆపమ్మా" అంటే ఆపేది, "మెల్లిగా" అంటే మెల్లిగా తిప్పేది. బతుకంతా ఎవరో ఒకరి మాట వింటూ వచ్చిన ఆవిడ, కూతురి మాట వినేటప్పుడు మాత్రం నవ్వేది. వరద వచ్చిన ఆ ఏడే, ఈస్టరు ముందరి మట్టల ఆదివారం రాకముందే ఆవిడ చనిపోయింది. ఆవిడ జ్ఞాపకంగా చెప్పుకోవడానికి ఇంట్లో ఇంకే వస్తువూ లేదు.

కారుకి వేరే చరిత్ర ఉంది. అది సూర్యప్రకాశరావు గారిది. ఆయన ఆ ప్రాంతంలో పెద్ద రైతు. గుడ్డ టాపు ఉన్న ఆస్టిన్ కారు. చల్లబడ్డాక టాపు వెనక్కి మడిచి ఆ కుటుంబం కాలువ గట్టున షికారు వెళ్తుంటే, వెనక దుమ్ములో పరిగెత్తే పిల్లల్లో జోజి ఒకడు. జోజి తండ్రి వాళ్ల పొలంలో పాలేరు. ఒకసారి కారు మీద చెయ్యి వేశాడని డ్రైవరు జోజి చెవి మెలిపెట్టాడు. చాలా ఏళ్ల తరవాత అదే కారు కొబ్బరికాయల కొట్టంలో ఒక మూల పడి, సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటుంటే, జోజి వెళ్లి అడిగాడు. "ఆ కోళ్లగూడు నీకెందుకోయ్?" అన్నారట ఆయన. "కావాలండి" అన్నాడట ఇతను. ఎడ్లు కట్టి లాక్కొచ్చారు. ఆ రోజు కృపావతి కూడా సంతోషించింది. భర్త ఏం తెచ్చుకున్నాడో ఆమెకి అర్థమైంది. చాలా ఇళ్లలో ఆడవాళ్లకి అర్థం కానిది తనకి అర్థమైనందుకు కొంచెం గర్వపడింది కూడా.

ఆ గర్వం ఎక్కువ కాలం నిలవలేదు. జోజి ఆదివారం ప్రార్థన అయ్యాక గుడినుంచి వచ్చి, చొక్కా విప్పి, షెడ్డులోకి వెళ్తే మళ్లీ అన్నానికే రావడం. ఆమె పాత వాయిల్ చీర ముక్కలు చేసి దాంతో కారుని తుడిచేవాడు. ఉప్పుకాగితంతో తుప్పు గీకి, గీకినచోట వేళ్లతో తడిమి, మళ్లీ గీకేవాడు. నట్టు బిగుసుకుపోయి ఊడకపోతే "ఏమ్మా, ఎక్కడ నొప్పి నీకు?" అని దాన్నే అడిగేవాడు. ఒకసారి ఆమె జ్వరంతో ముసుగుపెట్టి పడుకుని ఉంటే గదిలోకి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఆమె ముసుగు తీసింది. "కిరసనాయిలు ఎక్కడ పెట్టేవు? బోల్టులు నానెయ్యాలి" అన్నాడు. ఆమె చెప్పింది. అతను వెళ్లాక మళ్లీ ముసుగు కప్పుకుంది. షెడ్డులోంచి సన్నగా ఈల వినిపిస్తూ ఉంది. ఆదివారం బడిలో పిల్లలకి అసూయ తప్పని చెప్పే మనిషి, ఒక ఇనప బండి మీద కుళ్లుకుంటూ పడుకుంది. ఈ మాట ఎవరితో చెప్పుకోగలదు? అత్తగారితో ఒకసారి చెప్పబోతే, "మగాడన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటాదమ్మాయ్. తాగొస్తన్నాడా? పేకాటకెళ్తన్నాడా? ఇంటిపట్టునే ఉన్నాడు కదా, అదృష్టవంతురాలివి" అంది.

ఒక ఆదివారం అన్నానికి పిలవడానికి షెడ్డు దగ్గరికి వెళ్లింది. జోజి కార్బరేటరులోని చిన్న ఇత్తడి ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, దాని కంతలోకి సన్నతీగ పోనిచ్చి శుభ్రం చేస్తున్నాడు. పిలిస్తే వినపడలేదు. ఆమె మళ్లీ పిలవలేదు. అతని ముఖం చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ ముఖంలో ఎక్కడా తొందర లేదు. ఒక చెవి పొయ్యి మీది ఎసరు వైపు, ఒక కన్ను బడి గంట వైపు ఉంచుకోనక్కర్లేని మనిషి ముఖం అది. కంత శుభ్రపడింది. అతను నవ్వుకున్నాడు. రేపు వచ్చి చూసినా ఆ కంత శుభ్రంగానే ఉంటుంది. తను వండిన అన్నం రాత్రికి ఉండదు, ఉతికిన బట్టలు ఎల్లుండికి మాస్తాయి, బడిలో నల్లబల్ల మీద గుండ్రంగా రాసిన అక్షరాలని గంట కాగానే తనే తుడిచేస్తుంది. ఆమెకి అప్పుడు తెలిసింది, తన కుళ్లు కారు మీద కాదని. ఆ కారుని చూసినట్టు తనని చూడలేదన్న బాధ ఉంటే ఉండొచ్చు. కానీ ఆమెకి కావలసింది ఆ కారు స్థానం కాదు, ఆ మనిషి స్థానం. అది తెలిశాక ఇంకా సిగ్గేసింది. అన్నం చల్లారిపోయింది.

సీట్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అతనికి ఆమె అవసరం పడింది. పాత సీట్లలో కోళ్లు మిగిల్చింది స్ప్రింగులే. "పీచు దూదిలా ఉండాలి కృపా, బజారు పీచు గుచ్చుకుంటుంది" అన్నాడు. ఉద్యోగం వచ్చాక మళ్లీ ముట్టుకోనవసరం లేదనుకున్న డొక్కల్ని ఆమె కాలువలో నానేసి, ఎండాకాలం సెలవులన్నీ కొట్టి, ఏరి, ఎండలో విప్పి ఆరబెట్టింది. వాళ్లమ్మ అప్పటికి బతికే ఉంది. చూడ్డానికి వచ్చి, "టీచరమ్మగారు డొక్కలు కొడతన్నారేంటండోయ్!" అని ఎగతాళి చేస్తూనే పక్కన చతికిలబడి తనూ ఒక కర్ర అందుకుంది. ఇద్దరూ కలిసి స్ప్రింగుల మీద గోనె పరిచి, పీచు పొరలు పొరలుగా కూరి, పైన రెక్సిను లాగి కుట్టారు.

సూర్యప్రకాశరావు గారు ఒకసారి అటువైపు వచ్చి, కారు చూడ్డానికి ఆగారు. సీట్లో కూర్చుని ఒకసారి పైకి లేచి మళ్లీ కూర్చున్నారు.

"మా నాన్నగారి రోజుల్లో కూడా ఇంత మెత్తగా లేదోయ్. ఇదంతా ఒక్కడివే చేసేవా?"

"ఆయ్, ఒక్కణ్ణేనండి. బయటివాళ్ల చెయ్యి పడనివ్వలేదండి."

కృపావతి టీ పళ్లెంతో పక్కనే ఉంది. చేతులనిండా పీచు గీరుకున్న గీతలు. ఆ పెద్దమనిషి ముందు, ఆ కారు పక్కన నిలబడి, జోజి ఇంకో మాట చెప్పలేడని ఆమెకి తెలుసు. ఆ చెవి మెలిపెట్టిన నాటినుంచి అతను ఆ జవాబు కోసమే బతికాడు. అంతా తెలిసీ పళ్లెం కిందపడెయ్యాలనిపించింది. పడెయ్యలేదు. "పంచదార సరిపోయిందాండీ?" అని అడిగింది.

వరద తీశాక అందరూ బురదలో తమ సామాన్లు వెతుక్కున్నారు. మిషను చెక్కమూత జోజికే దొరికింది, పక్క కొబ్బరితోటలో ఒక మొదలుకి ఆనుకుని. కడిగి, ఆరబెట్టి, తిరగేసి షెడ్డులో పెట్టుకుని అందులో బోల్టులు పోశాడు. "మంచి పెట్టె దొరికింది కదూ?" అన్నాడు. మూత ఇదైతే మిషను ఏదని ఇవాళ అడుగుతాడు, పోనీ రేపు అడుగుతాడు అనుకుంటూ, ఆమె రోజూ టీ ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా ఆ మూతనీ అతన్నీ చూసేది. గోడ మళ్లీ లేచింది. బడి తెరిచారు. జోజి ఇంజను మళ్లీ బిగించాడు, అది ఒకరోజు గట్టిగా దగ్గి తిరిగింది కూడా. ఊరు ఊరంతా వచ్చి చూసింది. అతను అడగలేదు.

బాబూరావుకి రాజోలు సంబంధం కుదిరింది. జనవరిలో పెళ్లి. పెళ్లికూతుర్ని ఆ కారులో తీసుకురావాలని జోజి కోరిక. ఇక మిగిలింది టాపు ఒక్కటే. రాజమండ్రి వెళ్లి కేన్వాసు గుడ్డ తెచ్చి, వసారాలో పరిచి, సుద్దముక్కతో గీతలు గీశాడు.

"కృపా, మిషను తియ్యి. ఇప్పుడు మొదలెడితే క్రిస్మసుకి అయిపోతుంది."

"మిషను లేదండి. వరదలో పోయింది."

జోజి సుద్దముక్క పట్టుకుని తలెత్తాడు.

"వరదలోనా? అప్పుడే పోయిందా? చెప్పొద్దా మరి! ఇప్పుడు టాపెలాగ?"

ఆమె కాసేపు అక్కడే నిలబడింది, ఇంకో మాట ఏదైనా వస్తుందేమోనని. అతను గుడ్డకేసి చూస్తూ గడ్డం గోక్కుంటున్నాడు.

తరవాతి వారం కొత్త మిషను వచ్చింది. కాళ్లతో తొక్కేది, నల్లగా నిగనిగలాడుతోంది. రిక్షాలోంచి దించుతుంటే అత్తగారు వీధిలోకి వినపడేలా, "చూసేవామ్మాయ్, నోరు తెరిచి అడక్కుండానే తెచ్చేడు! ఏ మొగుడు తెస్తాడు?" అంది. కృపావతి చక్రం మీద చెయ్యి వేసి కదిపింది. చప్పుడు లేకుండా తిరిగింది. మంచి మిషను. చూడగానే మనసైంది, మనసైనందుకు తన మీద తనకే కోపం వచ్చింది. అమ్మ మిషను పోతే ఇంట్లో ఒక్క మాట లేదు. కారుకి టాపు కావలసి వస్తే వారం తిరక్కుండా మిషను వచ్చింది. ఇది కూడా కారు కోసం వచ్చినదే.

ఆదివారం గుడినుంచి రాగానే జోజి కుర్చీ వేసి, కేన్వాసు మడత సూది కింద పెట్టి సిద్ధం చేశాడు.

"రా కృపా."

"ఆదివారాలు నాకు పని ఉందండి."

"ఏం పని? వంటేగా, అమ్మ చూసుకుంటాది."

"వంట కాదండి. నా పని."

"అదేలే, ఏం పని అది?"

"ఇంకా తెలీదండి."

జోజి నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపాడు. "అలిగేవా? ఆ పాత మిషను గురించేనా? దాన్ని తలదన్నేది తెచ్చేను కదా."

"తెచ్చేరండి."

"మరి?"

"కారంతా మీరొక్కరే చేసేరు కదండీ. బయటివాళ్ల చెయ్యి పడలేదని చెప్పేరు కూడాను. టాపు కూడా మీరే కుట్టండి. దారం ఎక్కించడం, తొక్కడం నేను చూపిస్తాను."

వంటింట్లోంచి అత్తగారు, "నీ అసాధ్యం కూలా! ఉద్యోగం మాట్లాడిస్తోందిరా నాయనా నీ పెళ్లాం చేత!" అంది. జోజి భార్యకేసి చాలాసేపు చూశాడు. కిరసనాయిలు అడిగిన రోజున చూడనంత సేపు చూశాడు. ఇంకాసేపు అలా చూస్తే కూర్చుని కుట్టేస్తానేమోనని ఆమెకి భయమేసింది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

అతను నిజంగానే కుట్టడానికి కూర్చున్నాడు. ఆమె చూపిస్తానన్నట్టే దారం ఎక్కించడం చూపించింది. కాళ్లు ఒకవైపు, చేతులు ఒకవైపు పోయాయి. మడతలు కలిసినచోట సూది విరిగింది, మార్చితే మళ్లీ విరిగింది. అమలాపురంలో దర్జీకి ఇవ్వొచ్చు. కానీ బయటి చెయ్యి పడలేదని ఊరందరికీ చెప్పి ఉన్నాడు. జనవరి ఎండలో పెళ్లికూతురు టాపు లేని కారులోనే వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. సీట్లు ఎంత మెత్తగా ఉన్నాయో అని ఎవరో అన్నప్పుడు జోజి ఏదో అనబోయి, కృపావతికేసి చూసి, అనకుండా ఊరుకున్నాడు. ఆమె అది గమనించింది.

ఆదివారం మధ్యాహ్నాలు ఇప్పుడు ఆమెవి. గదిలో కూర్చుంటుంది. మొదట్లో గిన్నె చప్పుడైతే కాళ్లు వాటంతటవే లేచేవి. హార్మోనియం నేర్చుకుందామనుకుంది, ప్రైవేటుగా బి.ఏ. కడదామనుకుంది, ఊరికే కాలువ గట్టున నడిచి వద్దామని వెళ్లి సగం దూరంలో తిరిగి వచ్చింది. ఏదీ ఇదేనని అనిపించలేదు. జోజి ఒక్కోసారి షెడ్డులోంచి తలెత్తి అడుగుతాడు, వెటకారం లేకుండానే:

"దొరికిందా నీ పని?"

"లేదండి. చూస్తున్నాను."

సుద్దగీతల కేన్వాసు చుట్టి అటక మీద ఉంది. మళ్లీ వానాకాలం వస్తోంది. కారుకి టాపు కుట్టలేదు. కృపావతి పని ఇంకా మొదలుకాలేదు.