గుండెకు గంజి గండం

డాక్టర్ దేవకృప “హార్ట్ ఫెయిల్యూర్” అన్నది. అరుగు మీద కూర్చున్న పక్కింటి నూర్‌బీ చెవికి “ఫేల్” ఒక్కటే అందింది. ఇంకేం, మారేడ్‌పల్లి గల్లీ అంతా గొల్లుమంటూ బ్రహ్మచారి ఇంటి ముందు చేరింది.

“ఎవరు పోయిన్రు?” లోపల గోడకు ఆనుకొని కూర్చున్న విమలమ్మ ఆయాసపడుతూ అడిగింది.

“నువ్వేనంట,” అన్నాడు మొగుడు.

“నన్నడగకుండనే?”

పేరుకు బ్రహ్మచారి, నలుగురు పిల్లల తండ్రి. వృత్తికి కంసాలి. బంగారం కరిగితే బెదరడు గాని, భార్య వాపు కాళ్లు చూస్తే మాత్రం కరిగిపోతున్నాడు. బొటనవేలితో నొక్కితే మైనంలా గుంట పడుతున్నది.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. “గుండె ఆగలేదు, రక్తాన్ని తోసే బలం తగ్గింది. అందుకే కాళ్లకు, ఊపిరితిత్తులకు నీరు చేరింది. ఈ గోళీ గుండెకు బలం, నేనిచ్చిన సూది నీరు దిగడానికి. షుగర్‌కు పొద్దున ఇన్సులిన్. సూది వేశాక తినకపోతే కళ్లు తిరుగుతాయి, జాగ్రత్త. ఉప్పు, అన్నం తగ్గించండి. నీరు దిగకపోతే ప్రాణానికే ముప్పు.” చక్కెర పరీక్షకు ఒక గాజుగొట్టం, నీలం మందు కూడా ఇచ్చింది. అందులో మూత్రం చుక్కలు వేసి కాస్తే నీలంగానే ఉండాలి. ఇటుక రంగుకు తిరిగితే చక్కెర ఎక్కువైనట్టు.

ఆ మర్నాడే రోడ్లు మూసుకున్నాయి. భారత యూనియన్ సైన్యం వస్తున్నదని ఒకరు, రాదని ఒకరు. నిజాం సంగతిలో ఏది నిజమో ఎవరికీ తెలియదు. భయపడ్డ నూర్‌బీ కోడళ్లతో సహా బ్రహ్మచారి ఇంట్లోనే దిగింది. డాక్టరమ్మ వచ్చే దారి లేదు.

బ్రహ్మచారి కూరలో ఉప్పు మాన్పించాడు, పచ్చడి జాడీ అటక మీద పెట్టాడు. అయినా వాపు మోకాళ్లకెక్కింది. గాజుగొట్టం కుంపటి మీద పెడితే నీలం పచ్చబడి, పసుపై, ఇటుకయింది.

“ఏం తిన్నవే?”

“అన్నం ముట్టలే. గంజే గదా తాగుతున్న.”

గిన్నెలో మిగిలిన గంజి నాలుకకు తగిలించి మొహం చిట్లించాడు. సముద్రం. “ఇందుల ఇంత ఉప్పెవరేసిన్రు?”

“నేనేసిన భాయ్,” అన్నది నూర్‌బీ. “బీమార్ మనిషి, జెర తాకత్ రావాలె గదా.”

“నేను సుత ఏసిన,” అన్నది పెద్ద కోడలు రహమత్‌బీ.

బ్రహ్మచారి గిన్నె పక్కకు జరిపాడు. పొద్దున పిడికెడు వేసింది తనే. ఉప్పు కూరలో ఉంటేనే ఉప్పనుకున్నాడు, గంజిలోది పథ్యమనుకున్నాడు; గంజి కూడా అన్నం నీళ్లేనన్నది తట్టలేదు.

ఆ పూటే గంజి బందయింది. సూది వేయగానే చప్పటి తోటకూరతో జొన్నరొట్టె.

“గడ్డి తిన్నట్టుంది,” అన్నది విమలమ్మ.

“తిను. బతికినంక తిట్టు.”

ఆమె తిన్నది. అప్పుడే తిట్టింది కూడా. రోజురోజుకూ వాపు చీలమండలకు జారింది. నిజాం లొంగిపోయాడని రేడియో చెప్పిన రోజు గొట్టం కాచినా నీలం నీలంగానే నిలిచింది. ఊపిరాడక ఇన్నాళ్లూ కూర్చునే కునికిన విమలమ్మ వెల్లకిలా పడుకొని, ఇల్లదిరేలా గురక పెట్టింది. బ్రహ్మచారికి ఆ గురక విజయభేరిలా వినిపించింది.

దారులు తెరుచుకోగానే డాక్టరమ్మ వచ్చి, కాళ్లు నొక్కి, ఇన్సులిన్ కొంచెం తగ్గించింది. “మందులు మాత్రం మానొద్దు,” అన్నది.

గల్లీ మళ్లీ గుమిగూడింది. విమలమ్మ తన కాళ్ల మీద తాను నడిచి అరుగు మీదికొచ్చింది.

“ఇనుండ్రి. గుండె ఫేలంటే సచ్చుడు గాదు, అలిసిపోవుడు. గంజిల గంజి ఉంటే అది షుగరు, ఉప్పుంటే అది వాపు. మా ఇంట్ల అందరు కలిసి నాకు ప్రేమతోని రెండూ తాపిన్రు. నేను చూడలేదనుకున్నడు గాని, అందుల మొదటి పిడికెడు ఈయనది.”