లేని కారుకు షెడ్డు

ఏం చూశావో ముందు అది చెప్పు. ఆఫీసుల వేళకు కర్నూల్లో ఆ వీధి మొగదలలో నిలబడ్డావు. ఎదురుగా ఎనుము పక్కకు జరిగింది. జట్కా గిడ్డయ్య గుర్రాన్ని గోడవారకు లాగాడు. మలుపులో పోలీసు మడమలు కలిపి సెల్యూట్ కొట్టాడు. హారన్ మోగింది, దుమ్ము లేచింది, వీధి నడుమ మాత్రం ఏమీ లేదు. ఏమీ చూడలేదని తప్పించుకోకు. ఇంతమంది దారి ఇచ్చారంటే ఏదో ఒకటి పోయినట్టే కదా.

పోయింది రాజ్యలక్ష్మమ్మ ఇంటి షెడ్డులోని ఖాళీ.

కర్నూలు రాజధాని అయిన ఏడు ఆమె మిద్దెలో ఒక పెద్ద ఆఫీసరు అద్దెకు దిగాడు. ఆయనకొక నల్ల కారు. దానికి నీడ కావాలి. పెరట్లో చాకలి నాగక్క బట్టలు ఉడకబెట్టి ఇస్త్రీ చేసే పొడుగాటి గది ఉండేది. దానికి అడ్డంగా గోడ లేపి, వీధివైపు భాగం కారుకు ఇచ్చారు. నాగక్కను ఎవరూ అడగలేదు. చాకలామెను అడిగి గోడ కట్టిన ఊరు ఎక్కడైనా ఉందా? మిగిలిన ముక్కలో బాన, బొగ్గుల కుంపటి, ఇస్త్రీ బల్ల పెట్టాక, ఇద్దరు మనుషులు మోచేతులు తగలకుండా మసలలేకపోయేవారు.

యాభై ఆరులో రాజధాని హైదరాబాదుకు పోయింది. మైదానంలో ఆఫీసులు నడిపిన డేరాలు విప్పారు, బీరువాలు లారీలకు ఎక్కించారు. ఆఫీసరు పోయాడు, కారూ పోయింది. కారు నిలిచిన చోటు మాత్రం అలవాటు మానలేదు. పొద్దున షెడ్డు తలుపులు తెరుచుకునేవి. లోపలి ఖాళీ బయటికొచ్చి, హారన్ కొట్టి, డేరాల మైదానానికి పోయేది. సాయంత్రం తిరిగొచ్చి తన తావులో నిలబడేది. ఎండలకు అలవాటు పడ్డట్టే ఊరు దానికీ అలవాటు పడింది.

రాజ్యలక్ష్మమ్మకైతే అదే ధైర్యం. బట్టల అంగడి నడిపిన భర్త చనిపోయాడు, ఆమెకు ఆ మిద్దె మిగిలింది. రాజధాని ఎప్పటికైనా తిరిగొస్తుందని ఆమె నమ్మకం. రోజూ షెడ్డు ఊడ్పించి నీళ్లు చల్లించేది.

ఆఫీసర్ల చొక్కాలు పోయాక నాగక్కకు మిగిలిన ఆశ ఆసుపత్రి దుప్పట్లు. పని ఇస్తామన్నారు, మడత తిన్నగా ఉండాలన్నారు. ఆ మడత కుదరడం లేదు. అంత పెద్ద దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టుకుని వెనక్కి జరుగుతూ లాగాలి. గదిలో రెండడుగులు జరిగితే వీపుకు గోడ. బయట పట్టుకుంటే దుమ్ము. నాగక్క కొడుకు ఉరుకుందు వీపు గోడకు రాసుకుని గీరుకుపోయింది.

"నాకీడ తావు ల్యాదమ్మా. చొక్కాలన్నీ హైదరాబాదుకు పోయినాయి, నేనూ పోతా," అన్నాడు.

ఆమెకు ఉండేది ఆ ఒక్క కొడుకు. చేతులు తుడుచుకుని నేరుగా మిద్దెలోకి నడిచింది.

"అమ్మా, ఆ అడ్డగోడ తీయించండి. ఖాళీగా ఉండే షెడ్డే గదా."

"ఖాళీ యాడుండాదే? ఖాళీ ఆఫీసుకు పోయింది," అంది రాజ్యలక్ష్మమ్మ వక్క కత్తిరిస్తూ. "సాయంత్రం వస్తాది."

"నేననేదీ అదే. అది ఊళ్లోకి పోయినంతసేపూ మాకియ్యండి."

రాజ్యలక్ష్మమ్మ చేతిలో అడకత్తెర ఆగింది. "వచ్చేటాళ్లకు ఒక్క గుడ్డ అడ్డముండకూడదు. రేపు రాజధాని తిరిగొచ్చి కారు యాడ పెట్టాలంటే నేనేం చెప్పేది?"

"వస్తే నా నెత్తిన పెట్టుకుంటాలే తల్లీ."

"నీ నెత్తి మీద మూటకే తావు ల్యాదు, రాజధానిని యాడ పెడతావే!"

గోడ కూలింది. దండేలు కట్టారు. పగలంతా దుప్పట్లు తెల్లగా ఊగేవి. కానీ దినమూ పొద్దు వాలగానే ఆరినవీ ఆరనివీ లాగి కుప్పేసి, దండేలు విప్పి, షెడ్డు ఊడ్చి పక్కకు నిలబడాల్సి వచ్చేది. పచ్చిగా మడిచిన దుప్పట్లకు ముక్కవాసన పట్టింది. ఆసుపత్రివాళ్లు మొహం చిట్లించారు.

ఒకనాటి పొద్దున ఉరుకుందు ఇస్త్రీపెట్టెను మూటలో కట్టుకున్నాడు.

"లేని కారుకు నీడుండాది. ఉండే మనిషికి ల్యాదు. ఇదేం న్యాయమమ్మా?"

నాగక్క బాన కింద మంట ఎగదోసింది. జవాబు నీ దగ్గర ఉంటే దాచుకోవద్దు.

వాడు రైలుస్టేషను దారి పట్టాడు. వెనక హారన్ మోగింది. అందరూ జరిగారు. ఉరుకుందు జరగలేదు. మూట కింద పెట్టి, వీధి నడుమ నిలబడి చెయ్యెత్తాడు.

ఖాళీ ఆగింది. తలుపు తెరుచుకున్న చప్పుడయింది.

"టేషనుకు," అని ఎక్కి కూర్చున్నాడు.

నేలకు మూరెడు పైన, గాలి మీద ఒరిగి, ఒళ్లో మూటతో పోతున్నవాడికి పోలీసు సెల్యూట్ కొట్టాడు. "ఏమప్పా ఉరుకుందూ, ఆఫీసుకేనా?" అని గిడ్డయ్య కేకేశాడు.

ఖాళీకి తెలిసిన దారి ఒక్కటే. మైదానానికి పోయి నిలిచింది. డేరాల గుంజలు పీకిన గుంతల్లో తుమ్మ మొక్కలు లేచి ఉన్నాయి, మేకలు వాటిని కొరుకుతున్నాయి. దిగి స్టేషనుకు నడవచ్చు. ఉరుకుందు దిగలేదు. కాళ్లు చాపాడు. ఏమీ తగల్లేదు. చేతులు చాపాడు. ఏ గోడా లేదు. బట్టల గదిలో పుట్టి పెరిగినవాడు అలా చాపుకోవడం అదే మొదలు. కళ్లు మూతపడ్డాయి. ఎక్కడో రైలు కూత వినిపించింది. నిద్రలో అది బాన పొంగిన చప్పుడనుకున్నాడు.

ఇంట్లో పొద్దు వాలింది. మడవడానికి రెండో మనిషి లేక నాగక్క దుప్పట్లు దించలేదు. బాన పక్కన అలాగే కూర్చుంది.

"ఏమే నాగక్కా, గుడ్డలు తీయలేదేమే? కారొచ్చే పొద్దయింది!" అని రాజ్యలక్ష్మమ్మ మిద్దెలోంచి అరిచింది.

"రానీ తల్లీ. తొక్కితే తొక్కనీ. నా కొడుకే పోయినాడు."

హారన్ మోగింది. ఖాళీ లోపలికొచ్చింది. నిద్రపోయే బిడ్డ మీది గుడ్డను తల్లి ఎత్తినట్టు, ఒక్కో దుప్పటి మెల్లగా లేచి మళ్లీ దిగింది. ఒక్కటీ కింద పడలేదు. ఆఖరి దుప్పటి అవతల ఎవరో దిగి తలుపు వేసిన చప్పుడయింది. ఆ దుప్పటి రెండు కొసలు పట్టుకుని, నిద్రకళ్లతో ఉరుకుందు నిలబడి ఉన్నాడు.

నాగక్క లేచి తన వైపు కొసలు పట్టుకుంది.

"వెనక్కి జరుగు," అంది.

జరిగాడు. ఆమె జరిగింది. ఇంకా జరిగారు. దుప్పటి పలకలా బిగుసుకుంది. ఇద్దరి వీపుల వెనకా ఇంకా చోటు మిగిలే ఉంది.

మర్నాడు హారన్ మోగలేదు. ఎనుము వీధిలో కాసేపు నిలబడి చూసింది. పోలీసు సగం ఎత్తిన చెయ్యి దించుకున్నాడు. రాజ్యలక్ష్మమ్మ పెరట్లోకొచ్చి షెడ్డు గుమ్మం దగ్గర ఆగింది.

"పోలేదా అది?"

"పోలేదమ్మా. ఈడనే ఉండాది," అన్నాడు ఉరుకుందు.

ఆమె వంగి దండేల కింద చూసింది. "మరి రాజధాని వస్తే?"

"దానికీ దుప్పట్లు కావాల గదమ్మా," అంది నాగక్క.

రాజ్యలక్ష్మమ్మ నవ్వలేదు. కొంగు దోపుకుని, తడి దుప్పటి ఒకటి తీసి దులిపి దండెం మీద వేసింది. ఆ తరువాత ఆ దండేలు సాయంత్రాలు ఎవరూ విప్పలేదు.

అన్నాళ్లూ ఊరంతా పక్కకు తప్పుకుంది. నిలబడి చెయ్యెత్తినవాడు ఒక్కడే. రేపు నీ వీధిలో హారన్ మోగి కంటికేమీ కనబడకపోతే, నువ్వు గోడవారకు జరుగుతావా, చెయ్యెత్తుతావా?