గట్టు పక్క సాళ్ళు

రంజాన్ అయిపోయాక కూడా ఖుర్షీద్ పొయ్యి మీద, చల్లారితే జెల్లీలా గడ్డకట్టే చైనా గ్రాస్ కాస్తూంటే, తీపి వంటనుకుని అత్తగారు రహమత్‌బీ రెండుసార్లు వంటింట్లోకి తొంగిచూసింది. అందులో పాలు పడలేదు, ఏలకులు పడలేదు. ఉర్లగడ్డ, అంటే బంగాళాదుంప, ఉడికించిన నీళ్ళు పడ్డాయి. కోడలికి మతి చలించిందేమోనని ఆమెకు అనుమానం. బి.ఎస్సీ. చదివిన కోడలు గనక ఆ అనుమానం ఆ ఇంట్లో ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది.

ధర్మవరంలో పుట్టి, అనంతపురంలో వృక్షశాస్త్రం చదివి, పెనుకొండ దగ్గర మల్బరీ తోటలోకి కాపురానికొచ్చింది ఖుర్షీద్. ఆ చదువు ఒక్కసారే అక్కరకొచ్చింది, పెళ్ళిచూపుల్లో.

పట్టుపురుగులు పెంచే ఇల్లది. తోటలో ఆకుంటేనే తట్టల్లో పురుగు, పురుగు గూడు కడితేనే ఇంట్లో పొయ్యి. ఎనభై ఒకటిలో వానలు మొదలయ్యేసరికి ఆకుల మీద అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు కనిపించాయి. ఆమె భర్త దాదాపీర్ ఆ పూటే బస్సెక్కాడు. హిందూపురం పోయి, దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా ఘాటైన మందు అడిగి తెచ్చాడు.

"పురుగులింటిని ప్రతి పంటకూ మందుతో కడుగుతాండాం. అందుకే పురుగు బాగుండాది. తోటను గూడా అట్లే కడిగేస్తే సరిపాయె."

"తోటకు గోడల్లేవు గదా," అంది ఖుర్షీద్. "ఆకు మీద మంచి సూక్ష్మజీవులుంటాయి. అవే కాపలా. వాటిని చంపితే మచ్చ తెగులుకు అడ్డమే ఉండదు."

"యాడుండాయి? నాకు కనపడవే!"

కనపడేట్టు చేస్తానంది. ఆమె చేసిన తప్పల్లా అదే.

చైనా గ్రాస్‌ను సాసర్లో పోసి, గడ్డకట్టాక దాని మీద ఒక మల్బరీ ఆకును మెత్తగా అద్ది తీసేసింది. పైన ఇంకో సాసర్ బోర్లించి, రాగుల బాన వెనక దాచింది. కొన్నాళ్ళకు తీసి చూస్తే ఆకు లేదు గానీ ఆకు ఆకారం ఉంది. ఈనెలతో సహా, చమ్కీలు కుట్టినట్టు, గులాబీరంగు చుక్కలు, పసుపు చుక్కలు. ధర్మవరం మగ్గాల మీద కూడా అంత సన్నటి పని ఆమె చూడలేదు. పరుగున పోయి ఇద్దర్నీ పిలుచుకొచ్చింది.

"ధర్మవరం బస్టాండులో కిటికీలోంచి తువ్వాలేసి సీటు పట్టుకుంటారు చూడండి, ఇవీ అంతే. ఆకు మీద చోటంతా ముందే పట్టేసుకుంటాయి. ఆకులోంచి ఊరే కాస్త తీపినీ తినేస్తాయి. కొన్నయితే తెగులు బూజుకు విషం గూడా పెడతాయి. ఇంక చెడ్డది వచ్చినా యాడ నిలబడాల, ఏం తినాల?"

దాదాపీర్ సాసర్‌ను వెలుతురుకెత్తి చూశాడు. అటూ ఇటూ తిప్పి మళ్ళీ చూశాడు. ఖుర్షీద్ దాన్ని మెచ్చుకోలనుకుంది.

"యా అల్లా!" రహమత్‌బీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఇంత మురికి ఆకునా నా పురుగులకు పెడతాండేది?"

"మురికి కాదత్తమ్మా..."

"నువ్వు చూపిచ్చింది మంచిదాయ," అన్నాడు దాదాపీర్. "ఒకతూరి కొడితే చాలనుకుంటి. రెండుతూర్లు కొట్టాల."

రెండుతూర్లూ కొట్టాడు, ఆకు పైనా అడుగునా కారేట్టు. తోట తోమిన స్టీలు గిన్నెలా మెరిసింది. గట్టు పక్క రెండు సాళ్ళు మాత్రం మిగిలాయి. అక్కడికొచ్చేసరికి పంపు చెడిపోయింది.

పక్క తోట ఉలిగప్ప గట్టు మీద నిలబడి, "ఏమప్పా దాదాపీర్, నీ ఆకులో మొగం చూసుకోని గడ్డం గీసుకోవచ్చునే!" అన్నాడు. ఆయన తోటలోనూ మచ్చలున్నాయి. బద్ధకం కొద్దీ ఊరుకున్నాడు.

మందు వాసన పోయేదాకా ఆగి పిల్లపురుగులను తెచ్చారు. పట్టుపురుగు మేత మాని, పడుకుని, పాత చర్మం విడవడాన్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిందంటే ఇక దాని ఆకలికి అంతుండదు. తట్టల్లో అది నమిలే చప్పుడు వాన పడ్డట్టుంటుంది. సరిగ్గా ఆ వేళకు బయట నిజం వాన పట్టుకుంది. మందు కొట్టుకుపోయింది. కాపలా అంతకుముందే పోయింది. మచ్చా మచ్చా కలిసి, ఆకు పసుపై, ముట్టుకుంటే రాలింది. ఉలిగప్ప తోట మాత్రం అక్కడో మచ్చ, ఇక్కడో మచ్చతో పచ్చగానే ఉంది. ఆ ఆకు ఆయన పురుగులకే చాలీచాలదు.

తట్టల్లో పురుగులు తలలెత్తి, మేత కోసం గాలిలో వెతికాయి. గట్టు పక్క సాళ్ళలో ఆకు నిలిచింది. ఖుర్షీద్ దాన్ని కోసుకొచ్చింది. అది ఒక్క తట్టకు సరిపోయింది. ఏ తట్టకన్నది ఆమే ఎంచాల్సి వచ్చింది. మిగతా తట్టల్లోని పురుగులను గుంత తీసి పూడ్చారు.

"గట్టు పక్క ఏమీ కాలేదు, చూసినారా?" అంది.

"ఆడ గాలి తగుల్తాది," అన్నాడు దాదాపీర్, ఆమె వైపు చూడకుండా.

రహమత్‌బీ దగ్గర ఇంకా మంచి కారణముంది. "సాసర్లో పెంచె గదా మహారాణి! ఆ బూజే తోటకెక్కింది. గంజి పోసి మరీ పెంచె!"

ఆ మాట బంధువుల నోళ్ళ మీదుగా ధర్మవరం పుట్టింటిదాకా పోయింది. సాసర్లు దిబ్బ మీదికి పోయాయి. మరుసటి రంజానుకు ఆ ఇంట్లో చైనా గ్రాస్ వండలేదు. ఖుర్షీద్ వండితే తినే ధైర్యం ఎవరికుంది?

ఆ వానాకాలానికి దాదాపీర్ పెద్ద పంపూ, ఇంకా ఘాటైన మందూ తెచ్చాడు. "ఈతూరి గట్టు పక్క గూడా వదిలేది లేదు," అంటూ డబ్బా ఆమె చేతిలో పెట్టాడు. "ఇంగ్లీషులో ఉండాది. చదువుకున్నదానివి గదా, ఎంత కలపాల్నో చూడు."

పెళ్ళిచూపుల తర్వాత ఆ చదువు అక్కరకు రావడం అది రెండోసారి. ఖుర్షీద్ డబ్బాను వెలుతురుకు తిప్పి నిదానంగా చదివింది. కొలత చెప్పింది. ఆ తర్వాత కంపెనీ చిరునామా మీద వేలు ఆనించింది.

"ఈడ ఇంకోటి రాసుండాది. గట్టు పక్క రెండు సాళ్ళకు కొట్టగూడదంట."

"ఎందుకంట?"

"కారణం రాయలేదు."

కారణం లేదనేసరికి దాదాపీర్‌కు పూర్తిగా నమ్మకం కుదిరింది. గట్టు దాకా కొట్టి, బుద్ధిగా ఆపేశాడు. ఇంటికొచ్చి పెరట్లో చేతులు కడుక్కుంటూ అన్నాడు:

"పోయినేడు ఆడ ఆకు నిలిచిందా లేదా? ఆ సంగతి కంపెనీవాళ్ళకెట్ల తెలిసిందో చూడు! చదువుకున్నోళ్ళంటే వాళ్ళూ."

ఖుర్షీద్ చెంబు వంచి అతని చేతుల మీద నీళ్ళు పోసింది. రెండు సాళ్ళంటే ఒక తట్ట. మిగతా తట్టలకు ఈసారి గుంత ఎక్కడ తీయాలా అని, పెరట్లో నేల వైపు చూసింది.