గోళ్ల రంగు పూసిన బ్రాకెట్లు

మా షాపులో ఒక పద్ధతి ఉంది. బండికి ఏ ముక్కనైనా తాత్కాలికంగా బిగిస్తే దాని మీద ఎర్రటి గోళ్ల రంగు పూయాలి. అసలు ముక్క తయారై ఆ ఎర్ర ముక్క ఊడి బయటికి వచ్చేదాకా బండి గేటు దాటకూడదు. పద్ధతి పెట్టింది అన్నయ్య. రంగు మాత్రం వదినది. పెళ్లయిన కొత్తలో అన్నయ్య ఆవిడ అద్దం ముందు నుంచి సీసా ఎత్తుకొచ్చి, "పెయింటు డబ్బా ఒకసారి తెరిస్తే గట్టిపడి చస్తుంది, దీనికైతే బుల్లి కుంచె కూడా ఉంది చూడరా" అని మురిసిపోయాడు. వదిన నెల రోజులు సాధించింది. తర్వాత ఆవిడే రెండేసి సీసాలు కొనేది, ఒకటి వేళ్లకి, ఒకటి ఇనుముకి.

ఇప్పుడు వేళ్లకి వేసుకోవడం మానేసింది. ఇనుముకి వేసేవాడు లేడు.

నన్ను అందరూ నిదానం అంటారు. అదీ అన్నయ్య పెట్టిన పేరే. తను నాలుగు పనులు ముగించేలోపు నేను ఒక పైపు కోసి, కొలిచి, మళ్లీ కొలిచి, దాని వంక చూస్తూ నిలబడతానని. "ఒరేయ్ నిదానం, ఇనుము ముసలిదైపోతోందిరా" అనేవాడు. కోయడం, వెల్డింగు, రంగు కొట్టడం నా పనులు. లెక్క కట్టడం, గీయడం, తోలి చూడటం ఆయనవి. పదహారేళ్లు అలా గడిచాయి. ఇద్దరిలో తొందరపడేది ఆయనేనని లోకమంతా నమ్మింది. నేనూ నమ్మాను.

అన్నయ్య పోయిన రెండో నెలలో వదిన షాపు తలుపు తీసింది. మూల టార్పాలిన్ కింద ఉన్న బండిని చూపించి, "దీన్ని నడిచేలా చెయ్యి" అంది.

"ఇదా?"

"ఈ బండి కట్టి ఇస్తానని ఆయన సర్వేయరు గారికి మాట ఇచ్చాడు. ఆ పెద్దమనిషి ఇప్పటికీ వేరే చోటికి పోకుండా ఆగాడు. మాట ఇచ్చినవాడు నిద్రపోయాడు కానీ మాట నిద్రపోకూడదు కదా."

నిద్రపోయాడు అనే మాటని వదిన పళ్ల మధ్య నలిపి అంటుంది. విచారణకు వచ్చిన అధికారి కాగితం మీద రాసింది అదే. నాలుగు రోజులు ఊళ్లు తిరిగి, రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మనిషి, తెల్లారగానే స్టీరింగు ముందు కూర్చున్నాడు, కన్ను మూతపడింది, బండి వాగులోకి దొర్లింది. ముందు ఇంటికి వచ్చి పడుకోమని వదిన ఫోనులో బతిమాలింది. ఆయన వినలేదు. ఆవిడ ఏడుపులో సగం కోపమే. ఎనిమిదేళ్ల పాప కూడా ఒకరోజు నా పక్కన కూర్చుని ఎంతో మామూలుగా చెప్పింది: "నాన్న నిద్ర ఆపుకోలేదు కదా బాబాయ్, అందుకే అమ్మ నన్ను పెందలాడే పడుకోమంటుంది." దానికి చెప్పాల్సింది నా దగ్గరే ఉంది, కానీ చేతిలో గ్లాసు కడిగే నెపంతో లేచి వెళ్లిపోయాను.

టార్పాలిన్ కింద ఉన్నది ఆ బండే. దాని సంగతి చెప్పాలి. కొండల్లో రాళ్ల మీద తిరిగే పాత జీపు. అలాంటి వాటికి ముందు రెండు చక్రాల మధ్య ఒకటే ఇనుప దూలం ఉంటుంది. ఒక చక్రం రాయెక్కితే రెండోది కూడా ఒరుగుతుంది, లోపలివాళ్ల నడుములు విరుగుతాయి. సర్వేయరు గారి పరికరాలు సున్నితమైనవి, ఆయన నడుము అంతకంటే సున్నితమైనది. అందుకని ఆ దూలం పీకేసి, ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఊగేలా, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి, పక్కన స్ప్రింగు పెట్టి కొత్త సస్పెన్షన్ కడతానన్నాడు అన్నయ్య. బజారులో దొరికేది కాదు. ప్రతి ముక్కా మేమే చెయ్యాలి.

ఇందులో ఒక చిక్కుంది. చక్రం పైకి లేచేటప్పుడు ఆ చేతులు ఎలా ఊగుతాయో, స్టీరింగు నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ కూడా అలాగే ఊగాలి. కడ్డీ మొదలు ఒక్క అంగుళం కిందికి ఉన్నా సరే, చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా కడ్డీ దాన్ని పక్కకి తోసేస్తుంది. డ్రైవరు తిప్పకుండానే బండి తిరుగుతుంది. నున్నటి రోడ్డు మీద తెలియదు. రాళ్ల దారిలో, వేగంలో, మనిషి చెయ్యి కంటే కడ్డీదే పైచెయ్యి అవుతుంది.

మాకు వచ్చింది సరిగ్గా ఆ చిక్కే. ఆ కడ్డీ మొదలయ్యే స్టీరింగు పెట్టె ఉండాల్సిన చోటికి ఇంజను ఆయిల్ తొట్టి అడ్డొచ్చింది. తొట్టిని కోసి, కొత్త ఆకారంలో అతికించాలి. అప్పటిదాకా మిగతా పని ఆగకుండా నేను రెండు బ్రాకెట్లు చేసి స్టీరింగు పెట్టెని అంగుళం కిందికి దింపి బిగించాను. వాటికి అన్నయ్యే తన చేత్తో గోళ్ల రంగు పూశాడు. "స్ప్రింగుల కోసం వెళ్తున్నా. వచ్చేసరికి తొట్టి సంగతి చూడు, ఈ ఎర్రవి పీకెయ్" అని బయల్దేరాడు.

తొట్టి అల్యూమినియంది, నా వెల్డింగుకి లొంగదు; అది అతికే మనిషి జ్వరమని రాలేదు. సరే, ఆగుదాం అనుకున్నాను. ఆగడం నాకు బాగా చేతనవును కదా.

మూడో రోజు అవతలి వీధి బాడీషాపు పెద్దాయన ఊరికే చూసిపోదామని వచ్చాడు. బండి కిందికి వంగి చూసి, పడీపడీ నవ్వాడు. "ఏమయ్యా, బండికి పెళ్లి చూపులా? గోళ్ల రంగేంటి?" అన్నాడు. వెంట తెచ్చుకున్న ఇద్దరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా పద్ధతి ఇదీ అని చెబితే అయిపోయేది. చెప్పలేదు. వాళ్లు గేటు దాటగానే నల్లరంగు గన్ను తీసుకుని, అంత వెల్డింగు చేసినవాడిని, ఎవడో నవ్వాడని, ఆ రెండు బ్రాకెట్లకీ ఫ్రేముతో పాటు నున్నగా నల్లరంగు కొట్టేశాను. అన్నయ్య రాగానే చెప్దామనుకున్నాను. జీవితంలో నేను తొందరపడి చేసిన పని అదొక్కటే.

ఆయన ఒకరోజు ముందే వచ్చాడు. తెల్లవారుజామునే స్ప్రింగులు బిగించేశాడు. నేను ఎనిమిదింటికి వెళ్లేసరికి బండి లేదు. కొలతలు రాసుకునే నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి ఉంది: "కిందంతా టార్చి వేసి చూశా. ఎరుపు ఎక్కడా లేదు. శభాష్ నిదానం. తిప్పి చూసొస్తా."

నేను బల్ల ముందు నిలబడి ఉండగానే ఫోను మోగింది. ఆసుపత్రికి పరిగెత్తే ముందు ఏం చేశానో తెలుసా? ఆ రాతని చొక్కా చేత్తో తుడిచేశాను. మనిషి ఉన్నాడో పోయాడో ఇంకా తెలియదు. తుడిచేశాను. తర్వాత బండి షాపుకి చేరిన రోజు ఆ రెండు బ్రాకెట్లూ విప్పి, గుడ్డలో చుట్టి, నా సొరుగులో అడుగున పెట్టి తాళం వేశాను. ఎన్నోసార్లు వాటిని కరిగించేద్దామనుకున్నాను. అంత ధైర్యం కూడా లేకపోయింది.

అలాంటి చేతులతో ఆ బండి మళ్లీ కట్టాను. బండికి వంగిపోయిన ఇనుప చేతుల బదులు కొత్తవి చేశాను. పైపు కోసి, బల్ల మీద కదలకుండా బిగించి, ఒక పక్క రెండంగుళాలు అతికి, చల్లారనిచ్చి, అవతలి పక్కకి వెళ్లి మళ్లీ రెండంగుళాలు. వేడికి ఇనుము తన వైపు లాక్కుంటుంది, దానికి అవకాశం ఇవ్వకూడదు. తొట్టిని దగ్గరుండి కోయించాను. స్టీరింగు పెట్టె ఉండాల్సిన చోట ఉండాల్సినంత ఎత్తులో కూర్చుంది. ఏడు వారాలు పట్టింది. వదిన రోజూ వచ్చి గల్లా బల్ల దగ్గర కూర్చుని నా వంక చూసేది. "మీ అన్నయ్య ఉంటే ఈపాటికి మూడు బండ్లు కట్టేవాడు" అనేది. ఆ మాటలో నవ్వుండేది, అది నాకు కోపం కంటే కష్టంగా ఉండేది.

పని అయిన రోజు మధ్యాహ్నం ఆవిడ కుర్చీలోంచి లేచి వచ్చింది.

"ఇంకో మనిషిని ఇందులో కూర్చోబెడుతున్నాం. సరిగ్గా ఉందని నాకు చూపించు."

చూపించడం తేలికే. స్ప్రింగు విప్పి, చక్రం తీసేసి, అది బిగించే చోట ముందుకు పొడుచుకొచ్చేలా ఒక పొడుగాటి కడ్డీ బిగిస్తాం. కడ్డీ కొసకి పెన్సిలు, పెన్సిలుకి ఎదురుగా నిలువునా అట్ట. కింద జాకీ పెట్టి పైకి లేపుతుంటే పెన్సిలు అట్ట మీద గీస్తుంది. గీత నిట్టనిలువుగా వస్తే బండి మంచిది. వదిన కూర్చుని జాకీ తనే తిప్పింది. గీత దారం పట్టి గీసినట్టు వచ్చింది.

ఆవిడ ఆ అట్టని చాలాసేపు చూసింది. "ప్రతి బండికీ ఇలా గీసి అట్ట దాస్తారు కదా. మొదటిసారి కట్టినప్పటిది ఏది?"

"లేదు."

"పోయిందా?"

పోయింది అంటే సరిపోయేది. ఆవిడ నన్ను అనుమానించే మనిషి కాదు. కానీ పక్కనే గోడకి పాప స్కూలు సంచీ పాతది వేలాడుతోంది, అందులో అన్నయ్య కొలతల టేపు పెట్టుకుని ఆడుకునేది. నేను వెళ్లి సొరుగు తాళం తీశాను.

"గియ్యలేదు వదినా. ఇప్పుడు గీద్దాం" అన్నాను.

తొట్టి దగ్గర నాలుగు బోల్టులు విప్పి పాత బ్రాకెట్లు బిగించడానికి పావుగంట కూడా పట్టలేదు. కొత్త అట్ట నిలబెట్టాను. "తిప్పు" అన్నాను. ఆవిడ తిప్పింది. పెన్సిలు నాలుగు వేళ్ల ఎత్తు వరకూ బాగానే వెళ్లింది. ఆ తర్వాత పక్కకి వాలడం మొదలుపెట్టింది. ఆవిడ ఇంకా తిప్పింది. గీత కొడవలిలా వంగింది. స్టీరింగు చక్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు. వదిన జాకీ కడ్డీ వదిలేసి అట్ట వంకా, ఖాళీ సీటు వంకా చూసింది.

"ఇలా ఉందా అప్పుడు?"

"ఇలాగే ఉంది. ఇవి అప్పటి తాత్కాలికపు బ్రాకెట్లే."

"అయితే... నిద్రపోలేదా?"

"లేదు వదినా. నిద్రపోలేదు. మెలకువగానే ఉన్నాడు."

ఆవిడ నేల మీదే కూలబడి ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడ్చిన ఏడుపు కాదు ఇది. "ఎన్ని తిట్టానురా ఆయన్ని" అంది. "రోజూ ఫోటో ముందు నిలబడి తిట్టాను." నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ నా నీళ్లకి అక్కడ హక్కు లేదు, మింగేశాను.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది. "మరి తాత్కాలికపు ముక్కకి రంగు వెయ్యకుండా ఎలా వదిలాడు? ఆయన పెట్టిన పద్ధతే కదా. ఎంత తొందరైనా అది మర్చిపోడే."

అక్కడ నాకు ఇంకో దారి దొరికింది. మర్చిపోయాడు, తొందర మనిషి కదా, అంటే చాలు. చచ్చినవాడు వచ్చి కాదనడు. ఆ ఆలోచన నాకు వచ్చిన మాట నిజం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా వచ్చింది.

బ్రాకెట్ ఒకటి విప్పి ఆవిడ చేతిలో పెట్టాను. "గీకి చూడు" అన్నాను.

నడుముకున్న తాళాల గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి గీకింది. నల్లరంగు పొట్టులా లేచింది. కింద ఎరుపు. ఇంకొంచెం గీకింది. బుల్లి కుంచెతో పూసిన సన్నటి చారలు, చివర్లో అన్నయ్య ఎప్పుడూ వదిలే చుక్కతో సహా కనిపించాయి. తన రంగు తనకి తెలియకుండా ఎలా ఉంటుంది? మా షాపులో రంగు గన్ను పట్టుకునేది ఎవరో కూడా తెలుసు.

"ఎందుకు?" అంది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"ఒకడు నవ్వాడు" అన్నాను. ఆ రెండు మాటలే ఉన్నాయి నా దగ్గర. తక్కెడలో వేస్తే ముల్లు కూడా కదలని మాటలు. తర్వాత నల్లబల్ల మీది రాత సంగతి కూడా చెప్పాను. అక్షరం అక్షరం చెప్పాను, శభాష్‌తో సహా.

కొడుతుందనుకున్నాను. గెంటేస్తుందనుకున్నాను. రెండూ చేస్తే బాగుండేది. ఆవిడ ఆ బ్రాకెట్‌ని ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో ఎర్రచారని తడుముతూ కూర్చుంది. గోడ గడియారం వైపు చూసింది.

"స్కూలు వదిలే వేళయింది. పాప ఇటే వస్తుంది" అంది. "నువ్వే చెప్పాలి. నేను మధ్యలో ఒక్క మాట అందించను. ఆ తర్వాత నీ మొహం నేను చూడాలో వద్దో నేను ఆలోచించుకుంటాను."

"దానికేం అర్థమవుతుంది వదినా?"

"నాన్న నిద్రపోయాడంటే అర్థమైంది. ఇదీ అవుతుంది."

గేటు చప్పుడైంది. పాప బూట్లు ఈడ్చుకుంటూ వచ్చి, సంచీ కింద పడేసి, అమ్మ ఎర్రటి కళ్లని చూసి ఆగింది. అడగాలో వద్దో తెలియక పక్కకి తిరిగింది. బండి ముందు రెండు అట్టలు నిలబడి ఉన్నాయి. నాన్న దగ్గర నేర్చుకున్న పిల్ల, దానికి ఆ గీతలు చదవడం వచ్చు. మొదటి దాన్ని చూసి తల ఊపింది. రెండో దాని దగ్గర వంగి, కొడవలి వంపు మీద వేలు పెట్టి పైదాకా జరిపింది.

"ఇది బాలేదు" అంది. "ఈ వంకర గీత ఎవరిది బాబాయ్?"

"నాదే" అన్నాను. "ఇలా వచ్చి కూర్చో అమ్మా, చెప్తాను."